ఆంబోలి టోడ్‌ను కాపాడుకోవడం: లెక్కింపు నుంచి గ్రామసభ దాకా

మహారాష్ట్ర సింధుదుర్గ్ జిల్లాలో, సావంత్‌వాడి నుంచి బెళగావి వెళ్ళే ఘాట్ రోడ్డు మీద ఉంటుంది ఆంబోలి. సుమారు 700 మీటర్ల ఎత్తు, ఏటా 7,000 మి.మీ. పైచిలుకు వాన. హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ళకు పైగా కురిసే వాన అక్కడ నాలుగు నెలల్లోనే కురుస్తుంది. ఆ ఊరి చుట్టూ చెట్టూ చేమా పెద్దగా లేని లేటరైట్ (ఎర్రరాయి) బయళ్ళు ఉన్నాయి. ఆంబోలి టోడ్ అనే చిన్న కప్ప బతుకంతా వాటి మీదే. ఆ కప్పలను లెక్కించి, ఊరితో కలిసి కాపాడాలనుకునేవారికి ఈ మార్గదర్శి.

దీని శాస్త్రీయ నామం జాంథోఫ్రైన్ టైగెరీనా. 2009లో ఎస్.డి. బిజు, వరద్ గిరి తదితరులు దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. కోయనా ప్రాంతంలో ఉండే దీని దగ్గరి చుట్టాన్నీ దీన్నీ కలిపి ఒక కొత్త ప్రజాతి కింద చేర్చారు. గరుకు చర్మం, పక్కటెముకల వైపు పసుపు మచ్చలు, వాటి మీద పులిచారల్లాంటి గీతలు దీని గుర్తులు. ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో (ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ వేసే ముప్పు జాబితా) ఇది అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో ఉంది. ఉన్నదే ఒక చిన్న ప్రాంతం. అక్కడ క్వారీ, రిసార్టు, రోడ్డు విస్తరణ ఏది వచ్చినా జాతి మొత్తానికే ముప్పు.

తొలకరి పడగానే రాతి గుంతల్లో నిలిచే వేళ్ళలోతు నీళ్ళలో ఇవి గుడ్లు పెడతాయి. ఏడాది పొడవునా తీరిగ్గా పెట్టే జాతి కాదు. తొలి వానల కొద్ది రోజుల్లోనే జతకట్టడం, గుడ్లు పెట్టడం అయిపోతాయి. కాబట్టి లెక్కించే పనైనా, ఊరికి చెప్పే పనైనా ఆ కొద్ది రోజుల చుట్టూనే తిరగాలి. జూన్ 5న పర్యావరణ దినోత్సవం పేరుతో ర్యాలీ తీసి జులైలో జతకట్టే కప్పల కోసం వెతికితే దొరికేది ఏమీ ఉండదు.

ముందు అనుమతి, తరువాత పటం

ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి. రాతి బయళ్ళు కొన్ని అటవీ శాఖవి, కొన్ని గ్రామ ఉమ్మడి భూములు, కొన్ని పట్టా భూములు. అటవీ భూమిలోకి రాత్రిపూట వెళ్ళాలంటే శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. కప్పను పట్టుకోవడం, చర్మం నుంచి నమూనా తీయడం లాంటివి చేసేట్టయితే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అనుమతి తీసుకోకుండా ముట్టుకోవద్దు. ఈ మార్గదర్శిలో చెప్పే పద్ధతికి పట్టుకోవాల్సిన పనే లేదు, అలా కావాలనే ఎంచుకున్నాం. పట్టా భూముల యజమానులను ఇంటికి వెళ్ళి కలవండి. ఫోన్‌లో అడిగితే 'సరే' అన్నవారే రాత్రి టార్చిలైట్లు చూసి కర్రలతో వస్తారు.

ఎండాకాలంలో బయళ్ళన్నీ నడిచి పటం గీయండి. రాతి మీద 10 మీ. × 10 మీ. గళ్ళు కనీసం 20 ఎంచుకోండి. అన్నీ కప్పలు ఉన్నాయని తెలిసిన చోట్లే ఎంచుకుంటే మొదటి ఏడాదే ఫలితం తప్పుదారి పడుతుంది. మంచి చోట్లే తీసుకున్నప్పుడు తరువాతి ఏళ్ళలో సంఖ్య తగ్గడం తప్ప పెరగడానికి చోటుండదు. అందుకే 20లో 6-8 గళ్ళు ఇప్పుడు కప్పలు కనిపించని చోట కూడా ఉండాలి. మూలల్లో రంగు వేయకండి. జీపీఎస్ బిందువులు, నాలుగు దిక్కుల ఫొటోలు చాలు. లేటరైట్ మీద వర్షంలో ఫోన్ జీపీఎస్ 5 నుంచి 10 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి గడిని గుర్తుపట్టేది ఫొటోలతోనే.

ప్రతి గడిలో నీళ్ళు నిలిచే గుంతలకు అంకెలు ఇవ్వండి: 7వ గడిలో మూడో గుంత అంటే 7-3. ఈ అంకెలు పదేళ్ళయినా మారకూడదు. ఏదైనా గుంత మట్టితో పూడిపోతే ఆ అంకెను ఖాళీగా వదిలేయండి, కొత్త గుంతకు ఇవ్వకండి.

సామాను

తలకు కట్టుకునే లైట్లు మనిషికి రెండు, పొడి లేని నైట్రైల్ గ్లవ్స్, 15 సెం.మీ. స్టీలు స్కేలు, ఉష్ణోగ్రత-తేమ మీటరు, వాననీటి కొలత గొట్టం, పెన్సిల్, నీటికి చెడని నోట్‌బుక్, గట్టి బ్రష్, బ్లీచ్, స్ప్రే బాటిల్, జలగలు ఎక్కకుండా వేసుకునే సాక్సులు. ఘాట్ రోడ్డు మీద పనిచేసేవారికి లైటు పడితే మెరిసే జాకెట్లు తప్పనిసరి. ఆంబోలి పొగమంచులో 20 మీటర్ల దూరంలో మనిషి కనబడడు.

దోమల మందు, సన్‌స్క్రీన్ చేతులకు పూసుకుని రావద్దు. కప్ప చర్మం నీటినీ గాలినీ పీల్చుకుంటుంది, పక్కనున్న రసాయనాన్నీ పీల్చుకుంటుంది.

బూట్లు కడగడం: అందరూ దాటేసే మెట్టు

కైట్రిడ్ అనే శిలీంధ్రం ప్రపంచవ్యాప్తంగా 500కు పైగా ఉభయచర జాతుల క్షీణతకు కారణమైంది. బూట్ల తడిమట్టితో అది ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరగలదు. మన దేశంలోనూ అది ఉందని తేలింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు దేశమంతటా నమూనాలు పరీక్షించి, అది విస్తరించి ఉన్నా తీవ్రత తక్కువగా ఉందని చూపించారు. అయినా ఒక్క చిన్న ప్రాంతంలోనే బతికే జాతి విషయంలో 'తక్కువ' అనే మాటను నమ్ముకుని కూర్చోలేం. ఈ శిలీంధ్రం 17 నుంచి 25 డిగ్రీల చల్లదనంలో బాగా పెరుగుతుంది. ఆంబోలి వానాకాలం సరిగ్గా అలాంటిదే.

బాగా ఎండబెడితే ఈ శిలీంధ్రం చచ్చిపోతుంది. జూన్‌లో ఆంబోలిలో బూట్లు ఎండబెట్టడమంటే నవ్వులాటే, కాబట్టి బ్లీచ్ తప్పదు. ముందు బ్రష్‌తో మట్టంతా రుద్ది తీసేయాలి. మట్టి ఉంటే బ్లీచ్ దానితోనే ఖర్చయిపోతుంది, శిలీంధ్రం దాకా చేరదు. 4% సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ 250 మి.లీ.కి 750 మి.లీ. నీళ్ళు కలిపితే 1% ద్రావణం వస్తుంది. సీసా మీద శాతం చూసుకుని కలపండి. స్ప్రే చేసి 5 నిమిషాలు ఉంచి మంచినీటితో కడగాలి. ఇదంతా రోడ్డు పక్కన, ఏ నీటి గుంతకూ కాలువకూ 50 మీటర్ల దగ్గర్లో లేని చోట చేయాలి. ఈ బ్లీచ్ నీళ్ళే తోకకప్పలను చంపుతాయి. ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోండి, ఎండ తగిలితే సత్తువ పోతుంది. బస దగ్గర వేడినీళ్ళు దొరికితే 60 డిగ్రీల నీళ్ళలో 5 నిమిషాలు నానబెట్టినా సరిపోతుంది.

ఒక రాతి బయలు నుంచి ఇంకో బయలుకు వెళ్ళే ప్రతిసారీ ఇది చేయాల్సిందే, ఊళ్ళోకి తిరిగి వచ్చాక ఒక్కసారి చేస్తే చాలదు. ఫొటోగ్రాఫర్లు ఇక్కడే మొరాయిస్తారు.

రాత్రి లెక్క

తొలి పెద్ద వాన పడిన మరునాటి నుంచి మొదలుపెట్టాలి. 24 గంటల్లో 30 మి.మీ. దాటడాన్ని మీ సంకేతంగా పెట్టుకోండి. ఏ అంకె పెట్టుకున్నా ఫర్వాలేదు, ఏటా అదే ఉండాలి. జూన్ 8 అని క్యాలెండర్ తేదీ పెట్టుకుంటే వాన ఆలస్యమైన ఏడాది 'కప్పలు తగ్గిపోయాయి' అని అబద్ధపు నివేదిక రాస్తారు.

రాత్రి 7:30 నుంచి 10:30 మధ్య, ఇద్దరు కలిసి, గడికి 15 నిమిషాలు. ఒకరు చూస్తారు, మరొకరు రాస్తారు. పాత్రలు మార్చుకుంటే ఆ సంగతీ రాయాలి, ఎందుకంటే ఒకరి కళ్ళకు పది కనిపించేచోట ఇంకొకరికి ఆరే కనిపిస్తాయి. రాయి ఎత్తవద్దు. వదులు రాళ్ళ కింద కప్పలే కాదు, తేళ్ళు, బల్లులు కూడా ఉంటాయి. ఒకసారి కదిపిన రాయి మునుపటిలా నేలకు అతుక్కోదు, లోపలి తేమ పోతుంది.

ప్రతి గడికీ కనీసం నాలుగు సార్లు వెళ్ళాలి, అదీ పది రోజుల లోపే. ఉన్న కప్ప ఒక రాత్రి మీ కంట పడే అవకాశం 40% అనుకుంటే, ఒక్కసారే వెళితే నిజంగా కప్ప ఉన్న చోట్లలోనే సగానికి పైగా 'లేదు' అని రాస్తారు. మూడుసార్లు వెళితే కంట పడే అవకాశం 78%, నాలుగుసార్లయితే 87%. ఒకసారి ఎక్కువ చోట్లు తిరగడం కంటే తక్కువ చోట్లకే పదేపదే వెళ్ళడం మేలని చెప్పేది ఇందుకే.

కనిపించని రాత్రి సున్నా రాయాలి. షీటులో ఖాళీగా వదిలితే తరువాత చూసేవారికి వెళ్ళలేదో, వెళ్ళినా లేదో తెలియదు. స్వచ్ఛందంగా వచ్చినవారికి సున్నా రాయడం నామోషీగా ఉంటుంది. మొదటి రోజే చెప్పండి, సున్నాకు కూడా ఫలితమంత విలువ ఉంది.

షీటులో ఉండాల్సినవి: తేదీ, గడి, మొదలైన-ముగిసిన సమయం, చూసినవారు, రాసినవారు, ఉష్ణోగ్రత, తేమ, గత 24 గంటల వాన, గాలి, మగ-ఆడ-పిల్ల సంఖ్యలు, జతలు, గుడ్లున్న గుంతల అంకెలు, ఫొటోల అంకెలు.

శబ్దం రికార్డర్లు చాలామందికి మోజు. పెట్టుకోవచ్చు, గంటలో 10 నిమిషాలు రికార్డు చేసేలా. కానీ ఆంబోలి వాన రాతి మీద పడే చప్పుడులో సగం ఫైళ్ళు పనికిరావు, వాటిని మాత్రమే నమ్ముకోకండి.

చారలతో గుర్తుపట్టడం

వేలు కోసి గుర్తు పెట్టే పాత పద్ధతి ఇక్కడ అక్కర్లేదు. చారలు ఒక కప్పవి మరో కప్పలా ఉండవు. రెండు పక్కలా ఫొటో తీయడం మేలు, వీలుకాకపోతే అందరూ ఎప్పుడూ ఎడమ పక్కే తీయాలి. ఒకరు ఎడమ, ఒకరు కుడి తీస్తే ఒకే కప్ప ఇద్దరవుతుంది. పక్కన స్కేలు పెట్టండి, దాని మీద పెట్టకండి. తడి చర్మం మీద ఫ్లాష్ పడితే తెల్లటి మెరుపు చారను మింగేస్తుంది. లైటును పక్క నుంచి, 45 డిగ్రీల వాలులో పట్టండి. జతకట్టిన కప్పలకు ఒక్క ఫొటో, అర నిమిషం, అంతే.

లెక్క ఇలా ఉంటుంది. మొదటి రాత్రి వేర్వేరు మగకప్పలు 40, రెండు రోజుల తరువాత 36, రెండు రాత్రులూ కనిపించినవి 11 అనుకుందాం. మూడింటికీ 1 చొప్పున కలిపి, 41ని 37తో గుణించి, 12తో భాగించి, 1 తీసేస్తే 125 వస్తుంది, మొత్తం మగకప్పల అంచనా అదే. ఇప్పుడు ఫొటోలు పోల్చేవారు నిద్రమత్తులో రెండు జోడీలను పట్టుకోలేకపోయారనుకోండి: 11 కాస్తా 9 అవుతుంది, అంచనా 151కి ఎగబాకుతుంది. లేని 26 కప్పలు కాగితం మీద పుట్టుకొస్తాయి. అందుకే ప్రతి ఫొటోనూ ఇద్దరు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా పోల్చాలి, తేడా వచ్చినవి మూడో మనిషి చూడాలి. ఐ3ఎస్, వైల్డ్-ఐడీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దగ్గరి పోలికలను వరసపెట్టి చూపిస్తాయి, తీర్పు మాత్రం మనిషిదే.

ఈ అంచనా నీళ్ళ దగ్గరకు వచ్చిన మగకప్పలకే చెల్లుతుంది. ఆడకప్పలు గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి కాబట్టి మొత్తం సంఖ్యగా చెప్పకండి, పత్రికవాళ్ళు అడిగినా సరే.

గుంతల దినచర్య

గుడ్లున్న గుంతలను రోజు విడిచి రోజు చూడండి. లోతు ఎప్పుడూ ఒకే చోట స్టీలు స్కేలుతో కొలవాలి. నీళ్ళు ఎన్ని డిగ్రీలు, గుడ్లున్నాయా, తోకకప్పలున్నాయా, కాళ్ళొచ్చాయా రాయాలి. చివరికి ప్రతి గుంతకూ ఒక ముగింపు ఉంటుంది: పిల్లకప్పలు బయటికొచ్చాయి, ఎండిపోయింది, కుంభవృష్టికి కొట్టుకుపోయింది, చక్రం కింద లేదా కాలి కింద నలిగింది. మూడేళ్ళకు ఈ నాలుగింటి నిష్పత్తే మీకు దారి చూపుతుంది. ఎండిపోయినవి ఎక్కువైతే వాన తీరు మారుతుండొచ్చు, ఊరు చేయగలిగింది తక్కువ. నలిగినవి ఎక్కువైతే రేపే ఆపొచ్చు.

వాన వారం రోజులు ముఖం చాటేసినప్పుడు గుంతలు తగ్గిపోతుంటే చూసేవారికి మనసొప్పదు. బకెట్‌తో నీళ్ళు పోద్దామని, గుడ్లను పెద్ద గుంతలోకి మారుద్దామని అంటారు. వద్దు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, పెద్ద గుంతల్లో తినేవాళ్ళు ఎక్కువ, బకెట్‌తో జబ్బులూ వెళతాయి.

రోడ్డు

బయళ్ళ పక్కగా వెళ్ళే రోడ్డులో ఒక కిలోమీటరు ఎంచుకుని, తొలివాన నుంచి రెండు వారాలు రోజూ తెల్లవారుజామున 5:30కు, కాకులు దిగక ముందే నడవాలి. దొరికిన ప్రతి కళేబరానికీ ఫొటో తీసి, దాన్ని రోడ్డు పక్కకు తీసేయాలి. లేకపోతే రేపు మళ్ళీ లెక్కలోకి వస్తుంది.

ఈ లెక్క ఎప్పుడూ తక్కువే చెబుతుంది, చిన్న శరీరం నాలుగు చక్రాలకే ఆనవాలు లేకుండా పోతుంది. సవరణకు ఒక దారి ఉంది. రెండు మూడు రాత్రులు 9 గంటలకు వెళ్ళి కనిపించిన కళేబరాల చోట్లు రాసుకుని, వాటిని అక్కడే వదిలేసి, తెల్లవారి ఎన్ని మిగిలాయో చూడండి. 20లో 12 మిగిలితే మీ ఉదయపు లెక్కను 1.67తో హెచ్చించాలి. మలుపుల దగ్గర వంగి ఫొటో తీయవద్దు. ఒకరు ఫొటో తీస్తుంటే మరొకరు లైటుతో 50 మీటర్ల ముందు నిలబడాలి.

ఏ గంటలో ఎక్కువ చనిపోతున్నాయో తెలిశాకే పరిష్కారం మాట్లాడండి. రోడ్డు కింద సొరంగాలు వినడానికి బాగుంటాయి. పక్కన కంచె కట్టి కప్పను ఆ దారికి మళ్ళించకపోతే అవి పైనుంచే దాటుతాయి. చాలాసార్లు వేగనిరోధకాలు, ఆ కొద్ది రాత్రులు చౌరస్తాలో నిలబడి వాహనాలను నెమ్మదింపజేసే నలుగురు మనుషులు ఎక్కువ పనిచేస్తారు.

ఊరితో పని

అవగాహన అనగానే బడికి వెళ్ళి స్లైడ్లు చూపించి ఫొటో దిగి రావడం అలవాటైపోయింది. కప్పను తొక్కేది బడి పిల్లలు కాదు. ఎవరి వల్ల ఏ హాని జరుగుతుందో ముందు రాసుకుని, ఆ వరసలో వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

మొదటివారు జీపు, టాక్సీ డ్రైవర్లు. మే చివరి వారంలో, స్టాండు దగ్గరే, టీ తాగే వేళ 20 నిమిషాలు చాలు. పటం మీద రోడ్డు ఏ ముక్క, ఏ గంటలు, ఎన్ని రోజులు అని మూడే విషయాలు చెప్పాలి. 'ప్రకృతిని ప్రేమించండి' అంటే ఎవరూ వినరు. 'తొలివాన పడ్డాక పది రాత్రులు, గుడి మలుపు నుంచి వంతెన దాకా 30 దాటొద్దు' అంటే గుర్తుంటుంది.

తరువాత మొక్కజొన్న కండెలు, టీ అమ్మే బండ్లవారు, హోటళ్ళవారు. వాహనాలు రాతి బయలు మీదికి ఎక్కేది వాళ్ళు చూపించిన చోటే. రోడ్డు పక్కన వేరే పార్కింగ్ చూపించి, బయలు మీదికి ఎక్కే దారికి అడ్డంగా నాలుగు బండలు పెడితే సగం సమస్య తీరుతుంది.

కప్పలు, పాములు చూపించే రాత్రి నడకలకు ఆంబోలికి చాలామంది వస్తారు. గైడ్లకు ఇది జీవనాధారం, వాళ్ళతో తగవు పెట్టుకోకండి. గుంపుకు ఆరుగురు మించకూడదు, ఒక కప్ప దగ్గర రెండు నిమిషాలు, చేతిలోకి తీసుకోవడం లేదు, ఆకు మీద కూర్చోబెట్టి 'సహజ' ఫొటో తీయడం అసలే లేదు, బూట్లు కడగడం తప్పదు. ఈ నియమాలను గైడ్లే కూర్చుని రాసుకుని, వాళ్ళే అమలుచేస్తే నిలుస్తాయి. లెక్కింపు రాత్రుల్లో వాళ్ళకు కూలి ఇచ్చి పనిలోకి తీసుకోండి. ఊరివారి కళ్ళంత బాగా బయటివారి కళ్ళు పనిచేయవు.

ఇక మంచి ఉద్దేశంతో హాని చేసేవారు. రెవెన్యూ రికార్డుల్లో రాతి బయలు అంటే బంజరు. అక్కడ మొక్కలు నాటుదామని కంపెనీలు, కళాశాలలు వస్తాయి. కొంకణ్‌లో మట్టి పోసి మామిడి, జీడి తోటలు వేయడమూ ఉంది. రాయి మీద మట్టి పడితే గుంత పోతుంది, నీడ పడితే అక్కడి గడ్డీ పోతుంది. 'ఇక్కడ చెట్లు నాటకపోవడమే సంరక్షణ' అని పంచాయతీకి, అటవీ అధికారులకు చెప్పడం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. వానాకాలపు గుంతల ఫొటోలు ఎండాకాలంలో తీసుకెళ్ళి చూపించండి, అప్పుడే నమ్ముతారు.

కప్ప ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయనే మాట చాలా ఊళ్ళలో ఉంది. రావు, పులిపిర్లకు కారణం వైరస్. అలాగని 'ఏమీ కాదు' అనకండి. టోడ్ల చర్మ స్రావం కంట్లో పడితే మంట పుడుతుంది, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. తెలుగునాట వానలు రాకపోతే రోకలికి కప్పను కట్టి కప్పతల్లి పేరుతో ఇంటింటికీ తిరిగే ఆచారం ఉంది. అలాంటి ఊళ్ళలో పనిచేసేవారు ఆచారాన్ని వెక్కిరించకుండా, తడిగుడ్డలో వదులుగా ఉంచి, గంటలోపే దొరికిన చోటే వదిలేయమని అడగొచ్చు.

మీరు చెప్పింది పని చేసిందో లేదో ప్రశ్నపత్రంతో తేలదు, ప్రవర్తన కొలవాలి. రోడ్డు మీద 100 మీటర్లకు సుద్దతో రెండు గీతలు గీసి స్టాప్‌వాచ్ పట్టండి: 10 సెకన్లలో దాటితే గంటకు 36 కి.మీ., 6 సెకన్లలో అయితే 60. డ్రైవర్లతో మాట్లాడక ముందు 50 బళ్ళు, తరువాత 50 బళ్ళు. సగటు మారకపోతే మీరు చెప్పిన తీరు మార్చాలి.

చట్టం, రికార్డు

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ మొదటి ఏడాది పటం ఆ రిజిస్టరులో ఎక్కించండి. క్వారీ దరఖాస్తు వచ్చినప్పుడు చూపించడానికి ఊరి దగ్గర ఉండే కాగితం అదే. ఆంబోలిలోనే హిరణ్యకేశి గుడి దగ్గరి నీళ్ళలో దొరికిన ఒక చిన్న చేప కోసం ఆ చోటును 2021లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. తెలంగాణలో అమీన్‌పూర్ చెరువుకు 2016లోనే ఈ గుర్తింపు వచ్చింది. తూర్పు కనుమల రాతి గుట్టల మీది డట్టాఫ్రైనస్ హొలొలియస్ లాంటి టోడ్ల కోసం పనిచేసేవారికీ ఈ దారి పనికొస్తుంది. గుంతల అంకెలు, నాలుగు సార్ల లెక్క, వాన సంకేతం అన్నీ అక్కడా అలాగే.

కచ్చితమైన జీపీఎస్ బిందువులను సోషల్ మీడియాలో పెట్టకండి. ఐనాచురలిస్ట్ ప్రమాదంలో ఉన్న జాతుల చోటును దానంతటదే మసకబరుస్తుంది, వాట్సాప్‌లో పంపే లొకేషన్‌ను ఎవరూ మసకబరచరు. ఫోన్ ఫొటోల్లో కూడా బిందువు దాగి ఉంటుంది, పంపే ముందు తీసేయండి.

అక్టోబర్‌లో, వానలు తగ్గాక, గ్రామసభలో నివేదిక పెట్టాలి. ఒకే పేజీ, మరాఠీలో: ఎన్ని గళ్ళలో కప్పలున్నాయి, ఎన్ని గుంతల్లో పిల్లకప్పలు బయటికొచ్చాయి, రోడ్డు మీద ఎన్ని చనిపోయాయి, బళ్ళ సగటు వేగం ఎంత. అదే సభలో హద్దు కూడా నిర్ణయించుకోవాలి: కప్పలున్న గళ్ళ సంఖ్య వరుసగా రెండేళ్ళు మొదటి ఏడాది కంటే నాలుగో వంతు తగ్గితే రాత్రి నడకలు ఆపేయాలా, ఏ బయలు మూసేయాలా అని. తగ్గాక కూర్చుంటే ఎవరి జీవనాధారం ఆపాలన్న దగ్గరే మాటలు ఆగిపోతాయి. అసలు షీట్ల ఒక కాపీ పంచాయతీలో, ఒకటి అటవీ శాఖ రేంజ్ కార్యాలయంలో, ఒకటి లెక్కించిన బృందం దగ్గర ఉండాలి.